డీజిల్ గదికి పొలిమేర

బళ్లారి వెళ్ళొచ్చానంటే అందరూ రెండే అడుగుతున్నారు, ఎండలెలా ఉన్నాయి, హంపి చూశావా అని. ఎండలు పుష్కలంగా ఉన్నాయి. హంపి చూడలేదు. దాని పక్కదారినే పోయాను గానీ, నేను చూడవలసినవి ఒక చెత్త షెడ్డు, ఒక డీజిల్ గది. వీటిని చూడటానికి ఎవరూ టికెట్టు కొనుక్కుని పోరు కనుక, వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను. ముందే చెప్పేస్తున్నా, గెలిచి వచ్చాను. గెలిచినవాళ్ళు కాస్త గొప్పలు చెప్పుకుంటారు, ఓర్చుకోవాలి.

మాది తెనాలిలో చిన్న ఆఫీసు. చెత్త ఎలా వేరు చేయాలి, ఇంధనం ఎక్కడ ఎలా నిల్వ ఉంచాలి అని ప్రభుత్వం పెట్టిన నియమాలుంటాయి. పంచాయితీలకు వాటిని మామూలు మాటల్లో చెప్పి, వాళ్ళ షెడ్లూ గదులూ తనిఖీకి నిలబడేలా చేసిపెట్టడం మా పని. ఈసారి పిలుపు బళ్లారి జిల్లా నుంచి వచ్చింది. తనిఖీ అమావాస్య నాడు అని చెప్పేసరికి మా అత్తగారు కాఫీ గ్లాసు కింద పెట్టేశారు.

"అమావాస్య నాడు మంచి పని మొదలుపెట్టే వాళ్ళెవరే? వాళ్ళకి పంచాంగం లేదా?" అన్నారు.

పంచాంగం ఉంది. అందులో అమావాస్యకు మనం చదివే అర్థం వేరు, వాళ్ళు చదివే అర్థం వేరు. ఆ సంగతి దారిలోనే తెలిసింది.

గుంతకల్లు దాటాక

రైల్లో నా ఎదురు సీట్లో ఒక పూలవ్యాపారం చేసే అమ్మ కూర్చుంది. ఒళ్ళో నిమ్మకాయల సంచి. అంత నిమ్మకాయ పచ్చడి ఎవరు తింటారా అనుకుంటూ ఉండబట్టలేక అడిగేశాను.

"పచ్చడికి కాదమ్మా, అమావాస్యకు," అంది. "మాకు అమావాస్య అంటే పండగే గదా. అంగడికి, బండికి, మిషన్‌కు, అన్నిటికీ పూజ చేస్తాము. చక్రం కింద నిమ్మకాయ పెట్టకుండా, గుమ్మడికాయ కొట్టకుండా మా ఊర్లో స్కూటర్ గూడా కదలదు."

"మా వైపు ఆ రోజు ప్రయాణం కూడా చేయం," అన్నాను.

ఆమె నన్ను జాలిగా చూసింది. "మరి బండ్లకు దిష్టి ఎట్ల పోతాది?" అని అడిగింది.

మా తెనాలిలో బండ్లకు దిష్టి ఎలా పోతుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. బహుశా పోదేమో. అందుకే కాబోలు మావారి స్కూటర్ నెలకోసారి మెకానిక్ దగ్గరే కాపురం ఉంటుంది.

కౌల్ బజార్

బళ్లారిలో దిగి కౌల్ బజార్‌కు పోయాను. డీజిల్ గది దగ్గర పెట్టడానికి ఇసక నింపే ఎర్ర బకెట్లు, ఒక హెచ్చరిక బోర్డు కావాలి. ఆ సందుల్లో ఆటోకీ మనిషికీ మధ్య ఉండే దూరం చీరకొంగు మందం. మా గాంధీచౌకే ఇరుకు అనుకునేదాన్ని, ఇకమీదట దాన్ని మైదానం అని పిలుస్తాను.

బకెట్ల అంగడి శెట్టిగారిది అచ్చ తెలుగు కుటుంబం, తరాలుగా అక్కడే వ్యాపారం. నాతో తెలుగులోనూ, కుర్చీ వేసిన పనివాడితో కన్నడంలోనూ, పక్క అంగడి ఆయనతో ఉర్దూలోనూ ఊపిరి తీసుకోకుండా మాట్లాడాడు. బకెట్టు మూడువందలన్నాడు. నేను రెండువందలన్నాను.

"తెనాలోళ్ళు బేరంలో గట్టోళ్ళని మా నాయన చెప్తాండె. ఇప్పుడు చూస్తాండా," అని రెండువందల యాభైకి ఇచ్చాడు. మెచ్చుకుంటూ ముంచాడని బయటికొచ్చాక అర్థమైంది.

బోర్డు రాసే ఆయనకు 'ఇక్కడ నిప్పు వెలిగించరాదు' అని కన్నడంలో రాయమని చెప్పాను. ఆయన కళాకారుడు. ఉత్త అక్షరాలు బోసిగా ఉంటాయని పైన ఒక జ్వాల వేశాడు. అచ్చం దీపశిఖలా, నిండుగా, పసుపు అంచుతో వేశాడు. నేను ముచ్చటపడి పది రూపాయలు ఎక్కువిచ్చాను. ఆ ముచ్చట నా కొంప ముంచబోతోందని అప్పుడు తెలియదు.

ఆకలేసి ఒక బండి దగ్గర ఒగ్గరణి తిన్నాను. నానబెట్టిన మరమరాలకు ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పుట్నాలపొడితో తిరగమోత, పైన రెండు మిరపకాయ బజ్జీలు. నలభై రూపాయలకు కడుపూ నిండింది, కళ్ళూ నిండాయి. వీళ్ళ బజ్జీలో వాము తప్ప చింతపండు ఉండదు. మిరపకాయ మొగమాటం లేకుండా మాట్లాడుతుంది.

ఎమ్మిగనూరు దాటి

మర్నాడు కురుగోడు మీదుగా బస్సు. ఎమ్మిగనూరు (మన కర్నూలు దగ్గరిది కాదు, ఇది బళ్లారి జిల్లాదే) వచ్చేసరికి ఎండిన నేల పోయి రెండు వైపులా వరి, చెరకు. కాలవ నీళ్ళు చూడగానే మా ఊరు గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. అక్కడినుంచి కొంచెం ముందుకు పోతే నేను వెళ్ళిన ఊరు. పేరు రాయవద్దని పంచాయితీ అధ్యక్షురాలు సావిత్రమ్మ మాట తీసుకుంది, కనుక రాయను.

సావిత్రమ్మది పెద్ద వ్యవసాయం. తమ్ముడు బండ్రి వైపు లారీలు తిప్పుతాడు. ఫైలు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు తినండి మేడమ్. రూల్స్ యాడికీ పోవు," అని జొన్నరొట్టె, నూనె వంకాయ, శెనక్కాయల పొడి, గట్టి పెరుగు పెట్టింది. "మీ పక్క మూడు పొద్దులా అన్నమేనంట గదా. యాష్ట రాదా?" అంది. విసుగు రాదని చెప్పానే గానీ, మూడో రొట్టె తింటూ చెప్పిన మాటకు బలం తక్కువ.

తిన్నాక అసలు సంగతి చెప్పింది. ఊళ్ళో చెత్త పని అంతా ఆడవాళ్ళ సంఘానిది. ఇంటింటికీ తిరిగి చెత్త తెచ్చి, షెడ్డులో తడీ పొడీ వేరు చేసి, తడిదాన్ని ఎరువు చేస్తారు. చెత్త బండి నడిపేది హులిగెమ్మ. పోయిన తనిఖీలో వీళ్ళు తప్పారు. ఈసారీ తప్పితే తాలూకా వాళ్ళు చెత్త పనిని పట్నం కాంట్రాక్టర్‌కు ఇచ్చేస్తారు. బండి పోతుంది, హులిగెమ్మా, మిగతా ఆడవాళ్ళూ మళ్ళీ చెరకు కొట్టే కూలికి పోవాలి.

హులిగెమ్మ అక్కడే గడప మీద కూర్చుని ఉంది. ముప్పై ఐదో ఏట డ్రైవింగ్ నేర్చుకుందట. "మొదట్లో నా బండి వస్తాంటే మగోళ్ళు గోడ ఎక్కి నిలబడుతాండిరి అక్కా," అంది. "ఇప్పుడు మా అత్తనే గేటు తీస్తాది. ఆ స్టీరింగ్ మాత్రం నా చేతుల్లోంచి పోకుండా చూడు."

నేను చూస్తానన్నాను. చెప్పడానికి ఏం పోయింది.

ఇసక బకెట్లో అగరొత్తులు

ముందు డీజిల్ గది. ఊరి తాగునీటి మోటరు కరెంటు పోతే జనరేటర్ మీద నడవాలి. ట్రాక్టర్‌కూ చెత్త బండికీ కూడా డీజిలే. బంకు దూరం కనుక డ్రమ్ముల్లో నిల్వ పెడతారు. అంత కొద్ది డీజిల్‌కు లైసెన్సు అక్కర్లేదు గానీ జాగ్రత్తలు తప్పవు. గాలి ఆడాలి, కారితే బయటికి పోకుండా చుట్టూ గట్టు ఉండాలి, దరిదాపుల్లో నిప్పు ఉండకూడదు. గాలి బాగుంది. గట్టు బాగుంది. గడప మీద నల్లగా మసి.

"ఇదేమిటి?" అన్నాను.

"కర్పూరం మేడమ్," అన్నాడు ఎర్రిస్వామి. మోటరు, డీజిల్, నీళ్ళ కొళాయిలు అన్నీ ఆయన చేతిలోవే. నెరిసిన మీసం, చెవి వెనక బీడీ. "అమావాస్య పూజది."

ఎక్కడ పూజ అని అడిగితే డ్రమ్ముల ముందర అన్నాడు.  పెట్రోలంత తొందరగా డీజిల్ అంటుకోదు, నిజమే. కానీ లోపల నూనె గుడ్డలున్నాయి, గోడ అవతల షెడ్డు నిండా పొడి చెత్త ఉంది. పోయిన తనిఖీలో అధికారి ఈ మసి చూసే వీళ్ళు తప్పారని రాశాడట.

నాకు కోపం తొందర. "ఇది డీజిల్ గదా, గుడా?" అని గట్టిగా అరిచాను.

ఎర్రిస్వామి నెమ్మదిగా, "రెండూ మేడమ్," అన్నాడు. "పోయిన తూరి వద్దంటే రెండు అమావాస్యలు నిలిపితిమి. మోటర్ కాలిపాయ. ఊరంతా బిందెలు ఎత్తుకోని నా ఇంటి ముందర కూచుండ్రి. మీరు యాడో తెనాల్లో ఉంటారు. ఆ బిందెలకు జవాబు చెప్పేది నేను."

బోర్డు తగిలించమని, బకెట్లలో ఇసక నింపమని చెప్పి ఆ పూటకు బయటపడ్డాను. మర్నాడు పొద్దున పోయి చూస్తే చెప్పినవన్నీ చేసి ఉన్నాయి. బోర్డు తలుపు మీద మెరుస్తోంది. కొత్త వస్తువు పూజ లేకుండా వాడకూడదు కదా, దానికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. జ్వాల బొమ్మ దీపంలా ఉందని దానికి ప్రత్యేకంగా పెద్ద బొట్టు. కింద ఎర్ర బకెట్టు నిండా ఇసక, ఆ ఇసకలో గుచ్చిన అగరొత్తుల కట్ట గుప్పుగుప్పున పొగ వదులుతోంది.

'ఇక్కడ నిప్పు వెలిగించరాదు' అన్న అక్షరాలు ఆ పొగలో నుంచే చదువుకున్నాను.

నవ్వాలో ఏడవాలో తెలియక అక్కడే కూలబడ్డాను. ఎర్రిస్వామి కంగారుగా నీళ్ళు తెచ్చాడు. "ఇసక బాగ కుదిరినాది మేడమ్, ఒత్తులు పడిపోవు," అని కూడా అన్నాడు.

పొలిమేర రాయి

సాయంత్రం సావిత్రమ్మ షెడ్డు ముందుకు వచ్చింది. నేను ఉన్న విషయం ఉన్నట్టు చెప్పేశాను. పూజ మాన్పించడం నావల్ల కాదు, గడప దగ్గర నిప్పు కనిపిస్తే తనిఖీ దాటడం ఎవరివల్లా కాదు.  ఆమె వెంటనే ఎర్రిస్వామిని పిలిచింది.

"ఎర్రిస్వామప్పా, మన పెద్దమ్మ తల్లి గుడి యాడ ఉండాది?"

"పొలిమేరలో."

"ఊరు నడిమధ్యన ఎందుకు పెట్టలే?"

"ఆమె కావలి కాసే తల్లి గదా అక్కా. కావలి బయటనే కదా కాయాల్సింది."

"మళ్ళ నీ డ్రమ్ములకు ఇంట్లో దూరి ఎందుకు కాస్తాండావు? దానికీ ఒక పొలిమేర పెట్టు. నీ పూజ ఆడ చెయ్యి."

ఎర్రిస్వామి మీసం దువ్వుకున్నాడు. "ఆడినుంచి డ్రమ్ములు కనపడవు," అన్నాడు.

"పెద్దమ్మకు మన ఇండ్లన్నీ కనపడతాండాయా?"

ఆయన పోయి గడ్డపార తెచ్చాడు. దూరం నేను చెప్పాను, చోటు ఆయన చూశాడు. గేటు బయట, బండిబాట అవతల ఒక గుండ్రాయి పాతారు. సావిత్రమ్మ దానికి పసుపు రాసింది. రాయికి ఇవతల, అంటే బయటి వైపున, కర్పూరమైనా, అగరొత్తైనా, అగ్గిపుల్లైనా గీసుకోవచ్చు. అవతలికి, అంటే గది వైపుకు, ఏ నిప్పూ దాటకూడదు. నియమాల పుస్తకంలో దీన్ని భద్రతా దూరం అంటారు. నేను ఆ మాట ఎన్ని ఊళ్ళలో ఎన్నిసార్లు చెప్పానో, ఎవరి చెవికీ ఎక్కలేదు. పొలిమేర అనగానే అందరికీ ఎక్కింది.

ఎర్రిస్వామి లోపలికి పోబోతూ ఆగి, చెవి వెనక బీడీ తీసి రాయి మీద పెట్టి పోయాడు. ముట్టించిన బీడీ కూడా కాదు అది. అప్పుడు నాకు నమ్మకం కుదిరింది.

మూడు దోవల కాడ

సగం గండం గడిచింది. మిగతా సగం హులిగెమ్మ చెప్పింది. అమావాస్య నాడు వీధి వీధినా కొట్టిన గుమ్మడికాయలు, కొబ్బరి చిప్పలు, దండలు, ప్లాస్టిక్ కవర్లు అన్నీ కలిసి పడి ఉంటాయి. అన్ని రోజులూ చెత్త ఎత్తే ఆడవాళ్ళు ఆ రోజు వాటి జోలికి పోరు.

"గ్లౌజులు ఉన్నాయి కదా?" అన్నాను.

ఆడవాళ్ళందరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. "దిష్టికి గ్లౌజులు అడ్డమా అక్కా?" అంది హులిగెమ్మ. "ఎవరి దిష్టో మేము ఎత్తుకోని మా ఇంటికి తెచ్చుకోవాల్నా? బాలెంత ఉన్న ఇల్లు, చిన్నపిల్లోళ్ళు ఉన్న ఇల్లు."

పోయిన తనిఖీలో రెండో తప్పు ఇదే. నేను మళ్ళీ అరవబోయి, అగరొత్తుల బకెట్టు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఈసారి అడిగాను. "మీ ఇంట్లో బిడ్డకు దిష్టి తీస్తే, తీసినది ఎక్కడ వేస్తారు?"

"మూడు దోవలు కలిసే కాడ. యేసి ఎనక్కి తిరిగి చూడకుండా వస్తాము."

"మరి గుమ్మడికాయ అంగడి ముందే ఎందుకు కొడుతున్నారు?"

ఈ ప్రశ్నకు సావిత్రమ్మ జవాబిచ్చింది. "ఈ మధ్య సోమరితనం మేడమ్. మా అవ్వ కాలంలో మూడు దోవల కాడికి మోసుకుపోతాండిరి."

నాకు ఉపాయం తట్టింది. పంచాయితీ ట్రాక్టర్ ట్రాలీ షెడ్డు వెనక ఖాళీగా ఉంది. దాన్ని ఊరి మూడు దోవల దగ్గర నిలబెడదాం అన్నాను. ఎవరి గుమ్మడికాయ వాళ్ళే తెచ్చి అందులో పగలగొట్టి తిరిగి చూడకుండా పోతారు. ఎవరూ ఎవరి దిష్టీ ముట్టుకోనక్కర్లేదు. ట్రాలీ ఎత్తితే మొత్తం నేరుగా ఎరువు గుంటలో పడుతుంది. కవర్లకు పక్కన ఒక సంచి వేలాడదీద్దాం. చెప్పడం అయ్యాక ఊపిరి పీల్చుకున్నాను.

హులిగెమ్మ కళ్ళు చిన్నవి చేసి ఆలోచించింది. "ట్రాలీ ఎత్తేటప్పుడు నేను ముందర సీట్లో ఉంటా. ట్రాక్టర్‌కు ఒక నిమ్మకాయ కడతా. దిష్టి సంగతి అది చూసుకుంటాది," అని తేల్చింది. ఆ రోజే చెత్త బండి మైకులో ఊరంతా చెప్పుకుంటూ తిరిగింది.

అమావాస్య

పొద్దున్నే ట్రాలీ నిలబడింది. పక్కన సావిత్రమ్మ కొంగు దోపుకుని నిలబడింది. ఎవరూ రాలేదు. చాలాసేపు ఎవరూ రాలేదు. నా మనసులో మా అత్తగారి కాఫీ గ్లాసు మెదిలింది.

మొదట వచ్చింది ఎరువుల అంగడి ఆయన. మొహమాటంగా గుమ్మడికాయ ఎత్తి ట్రాలీలోకి విసిరాడు. ఇనుప అడుగు మీద పడి అది చేసిన చప్పుడుకు కాలవ గట్టు మీద కొంగలు లేచిపోయాయి. మట్టి రోడ్డు మీద కొడితే 'తప్' అనే కాయ, ఇక్కడ ఫిరంగిలా పేలింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"సప్పుడు అంటే ఇది సప్పుడు," అని తిరిగి చూడకుండా పోయాడు. నవ్వు మాత్రం వెనకనుంచి కూడా కనిపించింది.

ఆ చప్పుడు పిలుపులా పనిచేసింది. అరగంటకల్లా ట్రాక్టర్లవాళ్ళు, ఆటోవాళ్ళు, పిండిమర ఆయన, అందరూ గుమ్మడికాయలు భుజాన వేసుకుని వరస కట్టారు. ఎవరిది గట్టిగా పేలుతుందో అని పందేలు మొదలయ్యాయి. సావిత్రమ్మ ఒక్కొక్కరినీ ఆపి, "కవరు తీసి సంచిలో యెయ్యప్పా, దిష్టి కవర్లో ఉండదు," అంటోంది. మధ్యాహ్నానికి వీధులన్నీ కడిగినట్టున్నాయి. మా తెనాలిలో ఇంత శుభ్రమైన వీధి నేను చూడలేదని తెనాలిమీద ఒట్టేసి చెబుతున్నాను.

అప్పుడు వచ్చింది తాలూకా జీపు. అధికారి తక్కువ మాటల మనిషి. షెడ్డు చూశాడు, తడి గుంట చూశాడు, పొడి మూటలు విప్పించి చూశాడు. డీజిల్ గది గడప దగ్గర వంగి వేలితో రుద్దాడు. మసి లేదు. హులిగెమ్మ నా పక్కన నిలబడింది. ఆమె గోళ్ళు నా మోచేతిలో దిగాయి.

ఇంతలో ఆయన జీపు డ్రైవర్ గేటు దాటి లోపలికి వస్తూ కనిపించాడు. పొద్దున్నే బయల్దేరడంతో బండికి పూజ చేసుకోలేదు కాబోలు. జీపును ముందే డీజిల్ గది పక్కన పెట్టి, పూజ సామాను కోసం బయటికి పోయి వస్తున్నాడు. ఒక చేతిలో కర్పూరం, ఇంకో చేతిలో అగ్గిపెట్టె.  ఇంత చేసీ, పోయి పోయి తనిఖీ బండి వల్లే తప్పుతామా అనిపించింది.

ఎర్రిస్వామి నాలుగంగల్లో ఆయనకు అడ్డం పోయాడు.

"అప్పా, ఆడనే నిలబడు. నిప్పు పొలిమేర దాటకూడదు. బండిని ఆ రాయి కాడికి తీసుకుపో, పూజ ఆడ చేసుకో. గుమ్మడికాయ ఉంటే మూడు దోవల కాడ కొట్టు, బాగ సప్పుడు వస్తాది."

డ్రైవర్ ఒక మాట ఎదురు చెప్పలేదు. చెంపలు వేసుకుని, "ఆయ్తప్పా," అని ఒప్పుకుని జీపును వెనక్కి తీశాడు.

అధికారి ఇదంతా చూస్తున్నాడు. "ఈ పద్ధతి ఎవరు చెప్పారు మీకు?" అని కన్నడంలో అడిగాడు. నేను గొంతు సవరించుకున్నాను. నా ఆఫీసు పేరు చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు.

ఎర్రిస్వామి నాకు అవకాశం ఇవ్వలేదు. "ఎవురూ చెప్పలే సార్," అన్నాడు. "మా ఊర్లో మొదట్నించీ ఇంతే."

ఆ రాయి పాతి నాలుగు రోజులు కాలేదు. సావిత్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం ఏ బిరుదు ఇచ్చినా అంత సంతోషం కలిగేది కాదు. మనం చెప్పిన నియమం జనానికి పాత ఆచారమైపోతే, ఇంక దాన్ని ఎవరూ తనిఖీ చేయనక్కర్లేదు.

అధికారి కాగితం మీద సంతకం పెట్టి సావిత్రమ్మకు ఇచ్చాడు. "బండి మీదే, షెడ్డూ మీదే," అన్నాడు. దూరంగా మూడు దోవల దగ్గర ఆయన డ్రైవర్ గుమ్మడికాయ పేలింది.

 హులిగెమ్మ పోయి చెత్త బండి ఎక్కి, ఎక్కడికీ పోకుండానే ఇంజను వేసి, కాసేపు స్టీరింగ్ పట్టుకుని కూర్చుని, మళ్ళీ ఆపేసింది. దిగినప్పుడు కళ్ళు తడిగా ఉన్నాయి. నావీ అంతే, దాచుకోవడం ఎందుకు.

తిరుగు దారి

మర్నాడు కంప్లి బస్టాండుకు నన్ను హులిగెమ్మే దింపింది, చెత్త బండిలో, ముందు సీట్లో. కడిగి, ముగ్గుచుక్కలు కూడా పెట్టింది. మూడు దోవల దగ్గర ఆపి నా చేతిలో ఒక నిమ్మకాయ పెట్టింది.

"ఇంత గెలిచినావు. దిష్టి తగులుతాది. తల చుట్టూ తిప్పుకోని ట్రాలీలో యెయ్యి. యేసినాక ఎనక్కి తిరిగి చూడొద్దు."

నేను అలాగే చేశాను. బండి కదిలింది. వెనక గేటు దగ్గర అందరూ నిలబడి ఉంటారని తెలుసు. చెయ్యి ఊపాలని మెడ పీకేస్తోంది.

"ఒక్కసారి చూడకూడదా?" అన్నాను.

"తిరిగి చూడకూడదు," అంది హులిగెమ్మ. కొంచెం ఆగి, కిటికీ పక్క అద్దాన్ని నా వైపు వంచింది. "అద్దంలో చూడొచ్చు. అది డ్రైవర్ల పని, దిష్టి లెక్కకు రాదు."

అద్దంలో సావిత్రమ్మ, ఆడవాళ్ళు, పసుపు రాసిన రాయి చిన్నవైపోతూ కనిపించారు. ఎర్రిస్వామి రాయికి ఇవతల నిలబడి తీరిగ్గా బీడీ ముట్టించుకుంటున్నాడు.